విద్యుత్ కార్లు అందరివీ అయ్యేదెప్పుడు?

సభాధ్యక్షులకు, సభికులకు నమస్కారం.

ఈ రోజు నాకు అప్పగించిన విషయం విద్యుత్ కార్లు విస్తృతంగా వాడుకలోకి రావడానికి ఉన్న అవకాశాలు. దీని మీద మాట్లాడేవారు సాధారణంగా రెండు పక్షాలుగా చీలిపోతారు. పెట్రోలు కారుకు రోజులు దగ్గరపడ్డాయని ఒక పక్షం తేల్చేస్తుంది. ఇదంతా ప్రభుత్వాలు డబ్బు పోసి పెంచుతున్న వ్యామోహమనీ, ఆ డబ్బు ఆగిన నాడు ఇదీ ఆగిపోతుందనీ రెండో పక్షం అంటుంది. ఈ రెండు పక్షాలూ వాదించేది ఎక్కువగా కారు గురించే. నా అభిప్రాయంలో కారుకు సంబంధించిన ప్రశ్నలు చాలావరకు తేలిపోయాయి. తేలనివి రెండు ఉన్నాయి. కారు రాత్రంతా ఆగి ఉండే చోట ప్లగ్గు ఉందా లేదా అన్నది మొదటిది. కొత్త కారు ఎన్నడూ కొనని వారి చేతికి ఈ కారు ఎప్పుడు, ఏ నమ్మకంతో చేరుతుందన్నది రెండవది. నా ప్రసంగంలో ఎక్కువ భాగం ఈ రెండింటి చుట్టూనే తిరుగుతుంది.

ముందు కొంచెం చరిత్ర చెప్పుకోవాలి, ఎందుకంటే విద్యుత్ కారు ఒకసారి గెలిచి ఓడిన వాహనం. 1899లో బెల్జియంకు చెందిన కమీల్ జెనాట్జీ టార్పెడో ఆకారంలో ఉన్న ఒక వాహనాన్ని గంటకు 100 కిలోమీటర్లకు మించిన వేగంతో నడిపాడు. రోడ్డు మీద ఆ వేగాన్ని దాటిన మొట్టమొదటి కారు అదే, అది బ్యాటరీతో నడిచింది. 1900లో అమెరికాలో తయారైన కార్లలో మూడో వంతుకు పైగా విద్యుత్ కార్లే, మిగిలినవాటిలో కూడా ఆవిరితో నడిచేవి పెట్రోలువాటి కంటే ఎక్కువ. చప్పుడు లేదు, పొగ లేదు, ముందుకు వచ్చి ఇనుప చువ్వతో తిప్పి స్టార్టు చేయవలసిన పని లేదు. అటువంటి వాహనం ఇరవై ఏళ్లు తిరిగేసరికి దాదాపు కనుమరుగైంది. 1908లో వచ్చిన ఫోర్డు మోడల్ టీ ధరలో దాన్ని దెబ్బతీసింది. 1912లో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన సెల్ఫ్ స్టార్టరు పెట్రోలు కారుకున్న పెద్ద ఇబ్బందిని తొలగించింది. పెట్రోలు కారును గెలిపించిన పరికరాల్లో ఒకటి చిన్న విద్యుత్ మోటారు కావడం చరిత్రలోని చమత్కారం. అయితే వీటన్నిటికంటే బలమైన కారణం వేరే ఉంది. ఊళ్లకు ఊళ్లు కరెంటు లేని రోజుల్లో కూడా డబ్బాలో పెట్రోలు మోసుకెళ్లి ఎక్కడైనా అమ్మడం సాధ్యమయ్యేది. కరెంటును అలా మోసుకెళ్లడం సాధ్యం కాదు. తీగ చేరని చోటికి విద్యుత్ కారు చేరలేకపోయింది. ఇప్పుడు మన ముందున్న ప్రశ్న కూడా స్థూలంగా ఇదే, కాకపోతే తీగ ఊరి దాకా వచ్చి, ఇంటి దాకా వచ్చి, కారు నిలిపే చోటికి మాత్రం రాకుండా ఆగిపోయింది.

కారు గురించిన ప్రశ్నలు తేలాయని అన్నాను కనుక ఆ మాటకు ఆధారం చూపించాలి. ఒక లీటరు పెట్రోలులో దాదాపు 9 యూనిట్ల శక్తి ఉంటుంది. యూనిట్ అంటే కరెంటు బిల్లులో కనిపించే కిలోవాట్ గంటే. ఒక మధ్యతరహా విద్యుత్ కారులో ఉండే బ్యాటరీ సుమారు 60 యూనిట్లది. అంటే మూడు నాలుగు వందల కిలోల బరువున్న ఆ బ్యాటరీలో ఉన్న మొత్తం శక్తి ఏడు లీటర్ల పెట్రోలుకు కూడా సాటిరాదు. ఈ లెక్క ఒక్కటే చూసి ఒకప్పుడు చాలామంది ఇంజనీర్లు విద్యుత్ కారును కొట్టిపారేశారు. కానీ అదే కారు ఆ 60 యూనిట్లతో 350 కిలోమీటర్లకు పైగా వెళుతుంది, ఏడు లీటర్ల పెట్రోలుతో అదే పరిమాణంలో ఉన్న కారు సుమారు వంద కిలోమీటర్లు వెళ్లడం గగనం. పెట్రోలు ఇంజన్ తాగిన దానిలో ముప్పావు వంతును వేడిగా బయటికి వదిలేయడమే దీనికి కారణం. అమెరికా ఇంధన శాఖ అంచనాల ప్రకారం పెట్రోలు కారులో చక్రాలకు చేరే శక్తి 12 నుంచి 30 శాతం. విద్యుత్ కారులో గోడ దగ్గర తీసుకున్న కరెంటులో 77 శాతానికి పైగా చక్రాలకు చేరుతుంది. పైగా బ్రేకు వేసినప్పుడు వృథా అయ్యే శక్తిలో కొంత తిరిగి బ్యాటరీలోకి వస్తుంది. ఇంజన్ చప్పుడు వింటేనే కారు నడిపినట్టుండే మిత్రులు నన్ను మన్నించాలి. ఇంజన్ ఎంత అందమైన యంత్రమైనా, ఈ తేడా కొత్త నమూనాలతో పూడ్చగలిగినది కాదు, భౌతికశాస్త్రమే దానికి అడ్డం.

ఇక ధర. లిథియం అయాన్ బ్యాటరీని 1991లో సోనీ సంస్థ మొదటిసారి మార్కెట్లోకి తెచ్చింది. దాని వెనుక ఉన్న పరిశోధనకు గుడ్‌ఇనఫ్, విట్టింగ్‌హామ్, యోషినో 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నారు. 2010లో కార్లకు వాడే బ్యాటరీ ఒక్కో యూనిట్ సామర్థ్యానికి 1000 డాలర్లకు పైగా ఖర్చయ్యేది. బ్లూమ్‌బర్గ్ సంస్థ ఏటా జరిపే సర్వే ప్రకారం 2024లో అది 115 డాలర్లకు దిగింది. ఈ పతనం నేరుగా సాగలేదు. 2022లో లిథియం ధర ఆకాశానికి ఎగిరినప్పుడు బ్యాటరీల ధర తగ్గడం మాని పెరిగింది, ఇక అయిపోయిందని అప్పట్లో చాలామంది రాశారు. ఆ తరువాత రెండేళ్లలో లిథియం ధర 80 శాతానికి పైగా పడిపోయింది. గనుల వ్యాపారం తెలిసినవారికి ఇందులో ఆశ్చర్యం ఉండదు: ధర పెరిగితే కొత్త గనులు తెరుచుకుంటాయి, అవి తెరుచుకునేసరికి ధర కూలిపోతుంది. ఇంకా ఒకటి రెండు సార్లు ఇదే వరస చూడవలసి వస్తుందని నా అంచనా.

ధర తగ్గడానికి పెద్ద కర్మాగారాలు ఒక కారణమైతే, రసాయనం మారడం రెండో కారణం. ఇంతకుముందు చాలా కార్లలో నికెల్, మాంగనీసు, కోబాల్టు కలిసిన బ్యాటరీలు వాడేవారు. వీటిలో కోబాల్టుతో చిక్కు ఎక్కువ. ప్రపంచంలో తవ్వే కోబాల్టులో సుమారు 70 శాతం ఒక్క కాంగో ప్రజాతంత్ర గణతంత్రం నుంచే వస్తుంది, అక్కడి చిన్న గనుల్లో పసిపిల్లలు పనిచేస్తున్నారన్న ఆరోపణలు ఏళ్ల తరబడి వినిపిస్తూనే ఉన్నాయి. ఇప్పుడు ఆ స్థానాన్ని లిథియం ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీ ఆక్రమిస్తోంది. 2024లో విద్యుత్ కార్లలోకి వెళ్లిన బ్యాటరీల్లో దాదాపు సగం ఇవే. వీటిలో కోబాల్టు లేదు, నికెల్ లేదు. ఇనుము, ఫాస్ఫరస్ వాటికంటే సులువుగా దొరుకుతాయి. ఈ బ్యాటరీలు అదే బరువుకు కొంత తక్కువ శక్తిని నిలవ చేస్తాయి, కానీ ఎక్కువ సార్లు ఛార్జి చేసినా తట్టుకుంటాయి, తేలికగా మంటలు అంటుకోవు. గొప్ప బ్యాటరీ కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా, సరిపోయే బ్యాటరీని చవగ్గా చేయడమే ఈ రంగంలో ఇప్పటివరకు ఫలితమిచ్చిన పని. లిథియం బదులు సోడియం వాడే సోడియం అయాన్ బ్యాటరీ ఈ దారిలోనే వస్తున్నది కనుక దాని మీద నాకు కొంత ఆశ ఉంది. లోపలి ద్రవానికి బదులు ఘనపదార్థం వాడే ఘనస్థితి బ్యాటరీ రేపో మాపో వచ్చేస్తుందని చాలా ఏళ్లుగా వింటున్నాం. వస్తే సంతోషమే, కానీ విద్యుత్ కార్ల వ్యాప్తి దాని మీద ఆధారపడి లేదు.

ఈ మార్పులన్నీ అమ్మకాల్లో కనిపిస్తున్నాయి. అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్కల ప్రకారం 2020లో ప్రపంచం మొత్తం మీద అమ్ముడైన విద్యుత్ కార్లు సుమారు 30 లక్షలు; 2024లో అవి కోటీ 70 లక్షలు దాటాయి, అంటే అమ్ముడైన ప్రతి ఐదు కొత్త కార్లలో ఒకటి. ఈ లెక్కలో ప్లగ్-ఇన్ హైబ్రిడ్లు, అంటే పెట్రోలు ఇంజనుతో పాటు ప్లగ్గుతో ఛార్జి చేసుకునే బ్యాటరీ కూడా ఉన్న కార్లు, కలిసి ఉన్నాయన్నది గుర్తుంచుకోవాలి. ఆ ఏడాది చైనాలో కొత్త కార్ల అమ్మకాల్లో దాదాపు సగం విద్యుత్ కార్లే. అక్కడి కేంద్ర ప్రభుత్వం కొనుగోలు రాయితీని 2022 చివరలో ఆపేసింది, అమ్మకాలు ఆగలేదు. ఎందుకంటే 2024లో చైనాలో అమ్ముడైన విద్యుత్ కార్లలో సుమారు మూడింట రెండు వంతులు, ఏ రాయితీ లేకుండానే, అదే తరహా పెట్రోలు కార్ల కంటే చవగ్గా దొరికాయి. అదే సమయంలో జర్మనీలో విద్యుత్ కారు సగటున 20 శాతం, అమెరికాలో 30 శాతం ఎక్కువ ధర పలికింది. ఈ వ్యత్యాసానికి కారణం చైనాలోని కంపెనీల మధ్య సాగుతున్న తీవ్రమైన పోటీ, బ్యాటరీ సరఫరా గొలుసు మొత్తం ఆ దేశంలోనే ఉండటం. ప్రపంచంలో తయారయ్యే బ్యాటరీ సెల్లుల్లో నాలుగింట మూడు వంతులకు పైగా చైనావే, బ్యాటరీకి కావలసిన గ్రాఫైట్ శుద్ధిలో 90 శాతానికి పైగా వారిదే. ఒకే దేశం మీద ఇంతగా ఆధారపడటం మిగతా దేశాలకు సహజంగానే కంటగింపుగా ఉంది, అందుకే సుంకాల గోడలు లేస్తున్నాయి. ఆ గోడలు కార్లను అడ్డుకోవచ్చు గానీ, వాటి వెనుక ఉన్నవారికి కారు మరింత ఖరీదవుతుంది.

నార్వే ఉదాహరణ మీరందరూ విని ఉంటారు. 2024లో అక్కడ అమ్ముడైన కొత్త కార్లలో దాదాపు 89 శాతం పూర్తిగా బ్యాటరీతో నడిచేవి. గడ్డకట్టే చలిలో కారు వెళ్లే దూరం 20, 30 శాతం తగ్గిపోతుంది. అయినా అక్కడివారు వాటినే కొంటున్నారు. నార్వే ధనిక దేశం, జల విద్యుత్తు పుష్కలం, 1990ల నుంచీ పన్ను మినహాయింపులు ఇస్తోంది కనుక మనకు అది పాఠం కాదని కొందరు తోసిపుచ్చుతారు. అలా అనేవారు నేపాల్‌ను, ఇథియోపియాను కూడా చూడాలి. ఆ రెండు దేశాలూ ధనిక దేశాలు కావు. రెండింటిలోనూ నదుల నుంచి వచ్చే కరెంటు ఉంది, రెండూ ప్రతి పెట్రోలు చుక్కనూ విదేశీ మారకద్రవ్యం పోసి కొనుక్కోవాలి. నేపాల్‌లో దిగుమతి సుంకాల్లో తేడా చూపించడం వల్ల కొత్తగా వస్తున్న ప్రయాణికుల కార్లలో సగానికి పైగా విద్యుత్‌వే. ఇథియోపియా 2024లో పెట్రోలు, డీజిలు కార్ల దిగుమతినే నిషేధించింది. ఆ దేశంలో సుమారు సగం మందికి ఇంకా కరెంటే లేదు గనుక ఆ నిర్ణయాన్ని తొందరపాటుగా భావించేవారు ఉన్నారు, వారి వాదనలో బలం లేకపోలేదు. కానీ దాని వెనుక ఉన్న కారణం పర్యావరణం కంటే చమురు దిగుమతి ఖర్చుకు దగ్గరగా ఉంది. ఇకముందు అనేక దేశాలను ఈ దారిలోకి నెట్టేది ఆ ఖర్చేనని నేను అనుకుంటున్నాను.

ఇప్పుడు మొదట చెప్పిన ప్రశ్నకు, అంటే ప్లగ్గు దగ్గరకు వస్తాను.

విద్యుత్ కారు అనగానే మనకు పెట్రోలు బంకు అలవాటు గుర్తుకు వస్తుంది. ఐదు నిమిషాల్లో ట్యాంకు నింపుకొని వెళ్లిపోయే పద్ధతి ఇందులో ఎప్పుడు వస్తుందని అడుగుతాం. ఆ పద్ధతి ఎంత అసాధారణమైనదో లెక్క కట్టి చూద్దాం. బంకులో గొట్టం నిమిషానికి సుమారు 40 లీటర్లు పోస్తుంది, అంటే నిమిషానికి దాదాపు 350 యూనిట్ల శక్తి. దాన్ని విద్యుత్ భాషలోకి మారిస్తే ఒక్కో గొట్టం సుమారు 20 మెగావాట్ల, అంటే 20 వేల కిలోవాట్ల, శక్తిని అందిస్తోంది. విద్యుత్ కారు మూడు నాలుగు రెట్లు పొదుపుగా నడుస్తుంది గనుక అందులో నాలుగో వంతు చాలనుకున్నా, ఐదు మెగావాట్లు కావాలి. ఈ రోజు జాతీయ రహదారుల మీద కనిపించే వేగవంతమైన ఛార్జర్లు 50 నుంచి 350 కిలోవాట్లవి. చైనాకు చెందిన బీవైడీ 2025 మార్చిలో ఒక మెగావాట్ ఛార్జరును ప్రకటించి, ఐదు నిమిషాల్లో 400 కిలోమీటర్లకు సరిపడా శక్తి నింపవచ్చని చూపించింది. ఇంజనీరింగుగా అది అద్భుతమే. కానీ అటువంటివి పది ఒకచోట పెడితే ఒక చిన్న పట్టణానికి సరిపోయే కరెంటును ఆ ఒక్క స్థలానికి తేవాలి, ఆ తీగల ఖర్చంతా చివరికి ఛార్జింగ్ ధరలోనే చేరుతుంది. బ్యాటరీ వైపు నుంచి కూడా ఒక ఇబ్బంది ఉంది. ఛార్జి అవుతున్నప్పుడు లిథియం అయాన్లు బ్యాటరీలోని గ్రాఫైట్ పొరల్లోకి చేరతాయి, 80 శాతం నిండాక వాటికి అక్కడ చోటు దొరకడం కష్టమవుతుంది. బలవంతంగా తోస్తే అవి పైనే లోహంగా పేరుకొని బ్యాటరీని పాడుచేస్తాయి. అందుకే చివరి 20 శాతం దగ్గర కారే తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది. దూరప్రయాణం చేసేవారు 80 దగ్గర ఆపేసి బయలుదేరడం నేర్చుకున్నారు.

దూరప్రయాణానికి ఈ వేగవంతమైన ఛార్జర్లు తప్పనిసరి, అవి పనిచేసే స్థితిలో ఉండటం మరీ తప్పనిసరి. ఛార్జరు ఉందని యాప్‌లో చూపించి, తీరా వెళితే తెర నల్లగా ఉండటం కంటే కొత్త కొనుగోలుదారులను పారదోలేది మరొకటి లేదు. కానీ దూరప్రయాణం ఎప్పుడో చేసేది. రోజువారీ లెక్క వేరు. రోజుకు 40 కిలోమీటర్లు తిరిగే కారుకు కావలసింది సుమారు 7 యూనిట్లు. ఎయిర్ కండిషనరుకు వాడే స్థాయి సాకెట్ నుంచి, అంటే 3.3 కిలోవాట్లతో, అది రెండు గంటల చిల్లర పని. కారు జీవితంలో ఎక్కువ భాగం ఆగి ఉంటుంది, రాత్రి పూట కనీసం ఎనిమిది గంటలు కదలదు. కాబట్టి కారు నిలిపే చోట ప్లగ్గు ఉన్నవారికి ఛార్జింగ్ అనేది అసలు సమస్యే కాదు, వారు బంకుకు వెళ్లడమన్న పనినే మరిచిపోతారు. ప్లగ్గు లేనివారికి మాత్రం అదే కారు నిత్యం ఒక పనిగా మారుతుంది. బయటి ఛార్జరులో యూనిట్ ధర ఇంటి ధర కంటే చాలా ఎక్కువ గనుక, కారు వల్ల వచ్చే పొదుపు కూడా వారికి దక్కదు. సొంత ఇల్లు, సొంత గ్యారేజీ ఉన్నవారు మొదట కొన్నారు, రాయితీలు వారికే అందాయి, చవక కరెంటూ వారికే అందుతోంది. రెండో వరసలో అపార్ట్‌మెంట్లలో ఉండేవారు, అద్దె ఇళ్లవారు, వీధిలో కారు పెట్టుకునేవారు ఉన్నారు. నగరాల్లో ఎక్కువమంది వీరే. అందరివీ కావడమంటే వీరివి కావడమే.

అపార్ట్‌మెంటులో ఛార్జింగ్ పెట్టాలంటే సాంకేతికంగా ఏమంత కష్టం కాదు, ఎక్కువగా అది మనుషుల మధ్య వచ్చే చిక్కు. నివాసుల సంఘం ఒప్పుకోదు. మంటల భయం, ఉమ్మడి మీటరు, లోడు చాలదన్న వాదన ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. లోడు విషయాన్ని కొంచెం విడమరిచి చెబుతాను, ఎందుకంటే ఇక్కడ అపోహ ఎక్కువ. నూరు కార్లున్న ఒక భవనంలో అందరూ సాయంత్రం ఇంటికి రాగానే తలా 7 కిలోవాట్ల ఛార్జరు తగిలిస్తే 700 కిలోవాట్ల లోడు ఒక్కసారిగా పడుతుంది. ఆ భవనం ట్రాన్స్‌ఫార్మరు దాన్ని మోయలేదు. అదే నూరు కార్లకు ఒక్కోదానికి 7 యూనిట్ల చొప్పున రాత్రికి కావలసింది 700 యూనిట్లే. వాటిని ఎనిమిది గంటల మీద పరిస్తే, నష్టాలు కలుపుకున్నా, 100 కిలోవాట్లు చాలు. అంటే సమస్య కరెంటు పరిమాణంలో కంటే సమయంలో ఉంది. ఛార్జర్లు తమలో తాము మాట్లాడుకొని వంతులవారీగా శక్తిని పంచుకునే పరికరాలు ఇప్పుడు మార్కెట్లో మామూలుగా దొరుకుతున్నాయి, పెద్ద ఖరీదు కూడా కాదు. దేశం మొత్తం మీద చూసినా ఇదే వరస. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగే కారుకు సుమారు 2,000 యూనిట్లు పడుతుంది. రాత్రి పూట చవక ధర పెట్టి ఆ వాడకాన్ని నడిరాత్రికో, సౌర విద్యుత్తు ఎక్కువగా ఉన్న దేశాల్లో మధ్యాహ్నానికో జరపగలిగితే ఉత్పత్తి కేంద్రాలకు అది భారం కాదు. అసలు ఒత్తిడి పడేది వీధి చివర ఉండే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ల మీద, వాటి గురించి ఆలోచించడం ఏ మంత్రికీ ఆకర్షణీయమైన పని కాదు.

చట్టం ఇక్కడ చాలా చేయగలదు. జర్మనీ 2020 డిసెంబరు నుంచి అపార్ట్‌మెంటు యజమానులకు, అద్దెకు ఉండేవారికి కూడా తమ ఖర్చుతో ఛార్జరు పెట్టించుకోమని అడిగే హక్కు ఇచ్చింది. సంఘం ఎలా పెట్టాలో చెప్పవచ్చు గానీ పెట్టనివ్వం అనడానికి వీల్లేదు. ఇంగ్లండులో 2022 జూన్ నుంచి పార్కింగు ఉన్న ప్రతి కొత్త ఇంటికీ ఛార్జింగ్ పాయింటు తప్పనిసరి. భవనం కట్టేటప్పుడే గోడలో గొట్టం వేసి ఉంచితే ఖర్చు స్వల్పం, కట్టిన తరువాత తవ్వి వేయాలంటే అనేక రెట్లు. కారు కొనడానికి ఇచ్చే రాయితీలో పదో వంతు ఈ గొట్టాల మీద పెట్టి ఉంటే ఈపాటికి పరిస్థితి చాలా మెరుగ్గా ఉండేదని నా నమ్మకం.

రాయితీల ప్రస్తావన వచ్చింది కనుక ఒక మాట. రాయితీ ఇవ్వడం కంటే దాన్ని హఠాత్తుగా ఆపడం ఎక్కువ హాని చేస్తుంది. జర్మనీ 2023 డిసెంబరులో కొద్ది రోజుల వ్యవధిలో కొనుగోలు రాయితీని ఆపేస్తే, 2024లో బ్యాటరీ కార్ల రిజిస్ట్రేషన్లు నాలుగో వంతుకు పైగా పడిపోయాయి, ఆ మరుసటి ఏడు మళ్లీ కోలుకున్నాయి. అమెరికాలో 7,500 డాలర్ల పన్ను రాయితీ 2025 సెప్టెంబరుతో ముగిసింది. 2035 తరువాత కొత్త కార్ల నుంచి కార్బన్ డయాక్సైడ్ అసలు రాకూడదని యూరోపియన్ యూనియన్ 2023లో చట్టం చేసి, 2025 డిసెంబరులో 90 శాతం తగ్గింపు చాలని సడలించే ప్రతిపాదన ముందుకు తెచ్చింది. కర్మాగారం కట్టడానికి నాలుగైదేళ్లు పట్టే పరిశ్రమకు రెండేళ్లకొకసారి దారి మార్చే విధానం గిట్టదు. మరోవైపు పెట్రోలు మీద వచ్చే పన్నుల ఆదాయం తగ్గుతుంది, ప్రభుత్వాలు దాన్ని ఎక్కడో ఒకచోట రాబట్టక తప్పదు. ఐస్‌లాండ్, న్యూజిలాండ్ 2024 నుంచి విద్యుత్ కార్ల మీద కిలోమీటరు లెక్కన రుసుము వేస్తున్నాయి. అది న్యాయమే, రోడ్డు వాడినవారు రోడ్డుకు చెల్లించాలి. కాకపోతే కారు ధర ఇంకా సమానం కాకముందే ఆ రుసుము వేస్తే కొనేవారు వెనక్కి తగ్గుతారు.

పర్యావరణం గురించి తప్పక అడుగుతారు గనుక క్లుప్తంగా చెబుతాను. బ్యాటరీ తయారీ వల్ల విద్యుత్ కారు మొదటి రోజున పెట్రోలు కారు కంటే ఎక్కువ కర్బన భారంతోనే రోడ్డెక్కుతుంది, ఆ అప్పును నడుస్తూ తీర్చుకుంటుంది. శుభ్రమైన రవాణా మీద పనిచేసే అంతర్జాతీయ మండలి, ఐసీసీటీ, 2021లో వేసిన లెక్కలో జీవితకాలం మొత్తానికి యూరప్‌లో 66 నుంచి 69 శాతం, చైనాలో 37 నుంచి 45 శాతం, బొగ్గు కరెంటు ఎక్కువగా ఉన్న భారతదేశంలో 19 నుంచి 34 శాతం తక్కువ ఉద్గారాలు వస్తాయని తేలింది. బొగ్గు ఉన్నచోట లాభం తక్కువ, కానీ నష్టం లేదు. కరెంటు శుభ్రపడే కొద్దీ రోడ్డు మీద ఉన్న పాత కారు కూడా శుభ్రపడటం పెట్రోలు కారుకు లేని సుగుణం. మధ్యేమార్గంగా చెప్పే ప్లగ్-ఇన్ హైబ్రిడ్ల విషయంలో మాత్రం నాకు అనుమానం ఉంది. యూరోపియన్ కమిషన్ 2024లో కార్లలోని మీటర్ల సమాచారాన్నే తీసుకొని పరిశీలిస్తే, వాటి నిజమైన ఉద్గారాలు పరీక్షశాల లెక్క కంటే సగటున మూడున్నర రెట్లు ఎక్కువగా తేలాయి. చాలామంది వాటికి ప్లగ్గు తగిలించనే లేదన్నమాట.

ఇక రెండో ప్రశ్న. ప్రపంచంలో ఎక్కువ కుటుంబాలు కొనేది వాడిన కార్లనే. అమెరికాలో, యూరప్‌లో రోడ్డు మీద తిరిగే కార్ల సగటు వయసు 12 ఏళ్లు దాటింది. 2024 చివరికి ప్రపంచంలో ఉన్న విద్యుత్ కార్లు సుమారు 5 కోట్ల 80 లక్షలు, మొత్తం కార్లలో 4 శాతం మాత్రమే. ఆ ఏడాది 89 శాతం అమ్మకాలు సాధించిన నార్వేలో సైతం అప్పటికి రోడ్డు మీద ఉన్న కార్లలో విద్యుత్‌వి నాలుగో వంతు కంటే కాస్త ఎక్కువ. రేపటి నుంచి ప్రపంచంలో ఒక్క పెట్రోలు కారు కూడా అమ్మకపోయినా, ఉన్నవి అరిగిపోవడానికి పదిహేనేళ్లకు పైగా పడుతుంది. అందువల్ల అమ్మకాల శాతాన్ని చూసి మురిసిపోయేవారూ, రోడ్డు మీది శాతాన్ని చూసి పెదవి విరిచేవారూ ఒకే చిత్రంలోని రెండు కొసలు పట్టుకొని మాట్లాడుతున్నారు.

వాడిన విద్యుత్ కారు కొనడానికి జంకు ఎందుకంటే, బ్యాటరీ ఎంత మిగిలి ఉందో కొనేవాడికి తెలియదు. వాస్తవంలో బ్యాటరీలు అందరూ భయపడినంత త్వరగా క్షీణించడం లేదు. వేల కార్ల సమాచారం చూసినవారు ఏడాదికి సగటున రెండు శాతం అటూ ఇటూ తగ్గుతున్నదని చెబుతున్నారు, చాలా కంపెనీలు ఎనిమిదేళ్ల హామీ ఇస్తున్నాయి. అయినా సగటు అనేది ఒక కారుకు వర్తించదు. ఎప్పుడూ వేగపు ఛార్జరు మీదే బతికిన కారు, ఎండలో నూరు శాతం నింపి నిలిపి ఉంచిన కారు, నెమ్మదిగా రాత్రి ఛార్జింగుతో నడిచిన కారు పైకి ఒకేలా కనిపిస్తాయి. ఈ తేడాను కాగితం మీద చూపించగలిగినప్పుడే వాడిన కార్ల మార్కెట్టు నిలబడుతుంది. యూరోపియన్ యూనియన్ 2027 ఫిబ్రవరి నుంచి కొత్తగా మార్కెట్లోకి వచ్చే ప్రతి విద్యుత్ కారు బ్యాటరీకి, దాని వివరాలు నమోదై ఉండే ఒక డిజిటల్ పాస్‌పోర్టు ఉండాలని నిర్దేశించింది. ఈ నియమానికి పత్రికల్లో దక్కిన చోటు చాలా తక్కువ, కానీ ఐదు నిమిషాల ఛార్జింగు కంటే దీని ప్రభావం ఎక్కువమందిని తాకుతుందని నేను భావిస్తున్నాను. మరొక చిక్కు కూడా ఉంది: కొత్త కార్ల ధరలు వేగంగా తగ్గుతున్నప్పుడు వాడిన కారు విలువ ఇంకా వేగంగా పడిపోతుంది. మొదటి యజమానికి అది నష్టం, రెండో యజమానికి అదే ప్రవేశద్వారం. మూడేళ్ల లీజులు ముగిసిన కార్లు పెద్ద సంఖ్యలో తిరిగి వస్తున్న దేశాల్లో, పెట్రోలు కారు ధరకే మంచి స్థితిలో ఉన్న విద్యుత్ కారు ఇప్పటికే దొరుకుతోంది. కొనేవారిలో ప్లగ్గు ఉన్నవారు ఎందరన్నదే అక్కడ మిగిలిన మెలిక.

కనుక ఎప్పుడని నన్ను సూటిగా అడిగితే, దేశాన్ని బట్టి చెబుతాను. చమురు కొనుక్కోవలసిన దేశం, సొంత కరెంటు ఉన్న దేశం, చవక కార్లను రానిచ్చే దేశం అయితే కొత్త కార్లలో సగం దాటడానికి దశాబ్దం అవసరం లేదు. ఈ మూడింటిలో ఏదో ఒకటి కొరవడిన చోట ఇరవై ఏళ్లు పట్టినా నేను ఆశ్చర్యపోను. మీ నగరంలో ఇది ఏ దశలో ఉందో తెలుసుకోవడానికి షోరూములో అమ్మకాల లెక్క అడగనవసరం లేదు. కొత్తగా కడుతున్న భవనాల సెల్లారులో కారు నిలిపే గడులకు కరెంటు గొట్టాలు వేస్తున్నారో లేదో చూడండి, పాత భవనాల సంఘాల్లో ఛార్జరు దరఖాస్తు ఎన్ని నెలలు నానుతోందో అడగండి.

సమయం ఉంది కనుక ప్రశ్నలు తీసుకుంటాను. మంటల భద్రత గురించి, బ్యాటరీల పునర్వినియోగం గురించి నేను కావాలనే వదిలేశాను, వాటితో మొదలుపెట్టినా సరే.